రొట్టె ముట్టని ఆదివారాలు

"ప్రశాంతంగా ఉండండి" అనే మాట వింటే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎవరు అన్నా అంతే. నంద్యాలలో నా బీపీ చూసే డాక్టరు అన్నాడు, మా బడి హెడ్మాస్టరు అన్నాడు. బెంగుళూరులో ఉద్యోగం చేసే నా కూతురైతే ఫోనులో ఒక యాప్ ఎక్కించి మరీ అంది. ఆ యాప్‌లో ఒకామె నిద్రమత్తులో ఉన్నట్టు మాట్లాడుతుంది. "మీ శ్వాసను గమనించండి" అంటుంది. ఏం గమనించాలమ్మా? లోపలికి పోతుంది, బయటికొస్తుంది. పుట్టినప్పటి నుంచి అదే పని. రెండు రోజులు విని తీసి పారేశాను. మా ఆయన మాత్రం, "ఇంకో రెండు రోజులు విని ఉంటే బాగుండేదేమో" అన్నాడు, అదీ వేరే గదిలోంచి.

నా గొంతు పెద్దది. నంద్యాలలో ప్రభుత్వ బడిలో తెలుగు చెప్తాను. నేను పాఠం చెప్తుంటే పక్క తరగతిలో లెక్కల సారు పాఠం ఆపేసి కూర్చుంటాడు. ఏడుపొచ్చినా, భయమేసినా, సంతోషమొచ్చినా నాకు అరుపే వస్తుంది. పుట్టి పెరిగింది ఆళ్ళగడ్డలో. నాయన చిన్నప్పుడే పోయాడు. అమ్మ అక్కడి చర్చిలో బైబిల్ స్త్రీగా పనిచేసేది, అంటే ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళ కష్టం విని, కూర్చుని ప్రార్థన చేసి వచ్చేది. మేమిద్దరం ఆడపిల్లలం. మా అక్క నోట్లో నాలుక లేని మనిషి. నేను ఆమె వంతు కూడా మాట్లాడేదాన్ని. "పెద్దదెంత నెమ్మది, చిన్నదేందీ ఇట్ల" అని వాడంతా అనేది. ఆ మాట వింటూనే పెరిగాను. నెమ్మది అనే గుణం మీద నాకు పగ అప్పుడే పట్టుకుని ఉంటుంది.

అమ్మకు ధ్యానం అనే మాట తెలియదు. శనగలు ఏరుతుంటే శనగలే ఏరేది. చేట ముందు పెట్టుకుంటే ఇంక పిలిచినా పలికేది కాదు. ఏరడం అయిపోయాక చేట పక్కన పెట్టి, "ఇప్పుడు చెప్పు, ఏందో" అని పూర్తిగా నా వైపు తిరిగేది. అలా తిరిగి వినే మనిషిని మళ్ళీ నేను చూడలేదు. ఆ గుణం అక్కకొచ్చింది. మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతుంటే ఆమెకు ప్రపంచం పట్టదు. నాకు మాత్రం చేత్తో ఒక పని, నోటితో ఒక పని, మనసుతో ఒక తగాదా ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి.

అమ్మ నాలుగేళ్ళ కిందట ఎండాకాలంలో పోయింది. నేను పదో తరగతి పేపర్లు దిద్దడానికి కర్నూలులో ఉన్నాను. పొద్దున అక్క ఫోను చేసింది. "అమ్మ పొయినాది మే. నాలుగ్గంటలకు తీస్తాము. రా" అని పెట్టేసింది. నేను వెంటనే బయల్దేరాను. నంద్యాలలో బస్సు మారి, ఆ ఎండలో నిలబడి ప్రయాణం చేసి, మూడు కాకముందే వాకిట్లో దిగాను. అప్పటికే పెట్టెకు మూత వేసి మేకులు కొట్టేశారు.

మాలో ఒక పద్ధతుంది. పాస్టరయ్య ప్రార్థన చేసి మూతకు మేకులు కొట్టాక మళ్ళీ పెట్టె తెరవరు. ఎవరొచ్చినా తెరవరు. నేను సంఘ పెద్దల కాళ్ళు పట్టుకున్నాను. "ఒక్కసారి తియ్యండప్పా, కన్నకూతుర్ని" అన్నాను. ఒక పెద్దాయన, "ప్రార్థన అయిపొయినాది తల్లీ, తప్పు" అన్నాడు. ఎండకు దేహం నిలవదని మూసేశామని ఎవరో అన్నారు. అంతదాకా అమ్మను ఉంచిన ఐసుపెట్టె పక్కనే కనబడుతోంది, అందులో ఐసు ఇంకా కరగలేదు. నేను అక్క వైపు చూశాను. మూత ఎవరు వెయ్యమంటే వేశారో అక్కడి వాళ్ళ చూపుల్లోనే తెలిసిపోయింది. అక్క కొంగు నెత్తి మీదికి లాక్కుని నేల చూస్తోంది. మా అమ్మ కడచూపు బదులు నేను చూసింది వార్నీషు వాసన కొట్టే చెక్క.

సమాధుల తోట నుంచి నేరుగా బస్టాండుకు పోయాను. అప్పటి నుంచి అక్కతో మాట లేదు.

మాట లేకపోతే లేకపోయింది, నా రొట్టె కూడా పోయింది. మా చర్చిల్లో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. వరసలో వెళ్ళి మోకరించి రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకుంటాం. తోడబుట్టినవాళ్ళతో పగ ఉన్నవాళ్ళు రాజీపడకుండా ఆ బల్ల దగ్గరికి పోకూడదు. ఎవరూ తనిఖీ చెయ్యరు. లేచి పోయి తింటే పాస్టరయ్య వద్దనడు. కానీ ముందురోజు శనివారం ఇంటింటికీ పోయి, మాటలు మానుకున్న అత్తాకోడళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, "మాట్లాడుకోండి, లేకుంటే రేపు లేవొద్దండి" అని చెప్పిన బైబిల్ స్త్రీ కడుపున పుట్టాను నేను. దొంగతనంగా ఎలా తినను?

అందుకని కూర్చుంటాను. నా వరసలో వాళ్ళంతా లేచి, చాప మీద నా మోకాళ్ళు తప్పించుకుంటూ పోతారు. వెళ్ళేటప్పుడు ఒక చూపు, వచ్చేటప్పుడు ఒక చూపు. ఒకసారి వెనక వరసలో ఆమె, "ఏం టీచరమ్మా, ఇంగా కోపం పోలేదా?" అని అడిగింది. "పొయినప్పుడు నీకు చెప్పే పోతాదిలే" అన్నాను. గట్టిగానే అన్నాను. పాట పాడేవాళ్ళు కూడా ఆగారు.

ఇంట్లో ఏమీ అనిపించదు. బడిలో అనిపించదు. ఆ ఆదివారం మాత్రం, పళ్ళెం మీది తెల్లగుడ్డ తీసినప్పుడు, నా నోరు ఊరుతుంది. చిటికెన వేలి గోరంత ముక్క, రుచీ పచీ ఉండదు. అయినా ఊరుతుంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు అది కావాలి. ఎంత కావాలంటే, అది దక్కకుండా పోయినందుకు అక్క గొంతు పిసకాలనిపించేది. అదే నేల చూపులు చూసుకుంటూ, అదే నెమ్మదితనంతో, అక్క మాత్రం ఆళ్ళగడ్డలో నెలనెలా లేచి పోయి శుభ్రంగా తిని వస్తుంటుంది. నాకు తెలుసు. దాన్ని ఎవరు ఆపుతారు? అందరికీ మంచిది కదా అది.

ఇదంతా కడుపులో ఉండగా, మొన్న డిసెంబరులో మా బడికి ఒక కుర్రాడొచ్చాడు. హైదరాబాదు నుంచి. తెల్ల లాల్చీ, నవ్వే కళ్ళు. ఉపాధ్యాయులకు మానసిక ప్రశాంతత మీద తరగతి అన్నారు. శనివారం మధ్యాహ్నం, పిల్లలు వెళ్ళిపోయాక, ఇంటికి పోయి బట్టలు నానబెట్టుకునే వేళకు మమ్మల్ని తొమ్మిదో తరగతి గదిలో నేల మీద కూర్చోబెట్టారు. అందరి చేతిలో ఒక్కొక్క కిస్మిస్ పండు పెట్టాడు. దాన్ని చూడమన్నాడు. వాసన చూడమన్నాడు. నాలుక మీద పెట్టుకుని నమలకుండా ఉండమన్నాడు. "ఈ ఒక్క క్షణంలో, ఈ ఒక్క పండులో ఉండండి" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగేళ్ళుగా ఒక రొట్టె ముక్క కోసం నోరు కట్టుకుని కూర్చున్నదాన్ని పట్టుకొచ్చి, ఎండు ద్రాక్ష పెట్టి శాంతి పొందమంటున్నాడు. నేను గబుక్కున నమిలి మింగేశాను. మా లెక్కల సారు మాత్రం కళ్ళు మూసుకుని ఏదో స్వర్గంలో ఉన్నట్టు మొహం పెట్టాడు. ఆయనకు మధ్యాహ్నం నిద్ర అలవాటు.

ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. కళ్ళు మూసుకుని, మనల్ని ఎక్కువ బాధపెట్టిన మనిషిని మనసులో ఎదురుగా నిలబెట్టుకోమన్నాడు. నిలబెట్టుకున్నాను. నెత్తిన కొంగు, నేల చూపులు. "ఇప్పుడు వారితో చెప్పండి, నిన్ను వదిలేస్తున్నాను అని. గట్టిగా గాలి వదిలి, వారినీ వదిలేయండి" అన్నాడు.

నేను కళ్ళు తెరిచాను. "యాడికి వదిలేయాల?" అన్నాను.

"మేడమ్, కళ్ళు మూసుకుని..."

"మీ అమ్మ ఉండాదా నాయనా?"

"ఉన్నారు మేడమ్."

"అయితే ఇంటికి పొయ్యి ఆయమ్మ మొగం చూసుకో పో. నాకు మా అమ్మ మొగం చూసే రాత లేకుండా చేసినారు. గాలి వదిల్తే వస్తాదా అది?"

ఆ కుర్రాడు చేతులు జోడించాడు. నవ్వు మాత్రం పోలేదు. "మీలో చాలా కోపం ఉంది మేడమ్."

"ఉండాది. నాదే. నీ ఇంట్లో ఏమన్నా పెట్టినానా?"

గది గదంతా అదిరింది. లెక్కల సారు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. హెడ్మాస్టరు నన్ను వరండాలోకి తీసుకొచ్చి, ఇంటికి పోయి విశ్రాంతి తీసుకోండి మేడమ్, ప్రశాంతంగా ఉండండి అన్నాడు. అప్పుడే తీర్మానించుకున్నాను. మనసులో నిలబెట్టుకుని మాట్లాడ్డమేంటి, నాకేం కాళ్ళు లేవా? రేపు పోయి నిజంగానే ఎదురుగా నిలబెట్టి అడుగుతా. వదిలేయడానికి కాదు. కడిగేయడానికి.

మర్నాడు ఆదివారం మా చర్చి మానేసి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. బస్సులో నా పక్కన ఒకతను ఫోనులో ఎవరిదో ప్రసంగం పెట్టాడు. జీవితంలో ఏదీ శాశ్వతం కాదట. "ఆపు అబ్బీ" అన్నాను. ఆపాడు. కిటికీలోంచి నల్లరేగడిలో శనగ చేలు పోతున్నాయి, చలిగాలి కొడుతోంది. నేను మాత్రం దారి పొడుగునా అడగాల్సిన మాటలే పేర్చుకున్నాను. ఎందుకు మూయించావు? ఒక్క గంట ఆగితే నీ సొమ్మేం పోయింది? నువ్వేం మనిషివి? ఒకటి తర్వాత ఒకటి, తగలాల్సిన చోట తగిలేటట్టు.

ఇంటికి తాళం వేసి ఉంది. ఇంక ఎక్కడుంటుంది, చర్చిలోనే. చెప్పులు బయట వదిలి, నెత్తిన కొంగేసుకుని, ఆడవాళ్ళ వైపు ఆఖరి చాప మీద కూర్చున్నాను. మా అమ్మ కూర్చున్న చర్చి. అక్క నాలుగు వరసల ముందుంది. వెనక నుంచి చూసినా పోల్చుకున్నాను. నన్ను చూడలేదు. ఆరాధన అయిపోయాక పట్టుకుందామని ఆగాను.

బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం చూశాక గుర్తొచ్చింది, అది మొదటి ఆదివారం. మంచిదే అయింది అనుకున్నాను. నన్ను పస్తు పెట్టి తను తినడం ఈ కళ్ళతో చూస్తాను, చూసి మరీ అడుగుతాను.

పాట మొదలైంది. మొదటి వరస లేచింది, రెండో వరస లేచింది. అక్క వరస లేచింది. అక్క లేవలేదు.

మోకాళ్ళ నొప్పేమో అనుకున్నాను. లేవలేనివాళ్ళకు పాస్టరయ్య చివర్లో పళ్ళెం వాళ్ళ దగ్గరికే తెచ్చి ఇస్తాడు. ఒక ముసలామెకు తెచ్చి ఇచ్చాడు. అక్కను దాటుకుని పోయాడు. ఆగనైనా ఆగలేదు, అడగనూ లేదు. ఎన్నాళ్ళుగానో అలవాటైన దారిలా దాటిపోయాడు. అక్క కూడా తలెత్తలేదు. నా వరసలో వాళ్ళు కూడా లేచి పోయారు. ఆడవాళ్ళ వైపు చాపలన్నీ ఖాళీ అయ్యాయి. రెండే తలలు మిగిలాయి. అక్క ఎందుకో వెనక్కి తిరిగింది.

నన్ను చూసింది. మళ్ళీ ముందుకు తిరిగిపోయింది.

నాకు జాలి కలగలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఒళ్ళు మండింది. దీనికేం హక్కుంది ఇలా కూర్చోవడానికి? అన్యాయం జరిగింది నాకు. పస్తు నాది. అది కూడా తనే తీసుకోవాలా? అమ్మ ఆఖరి గంటలు తీసుకుంది, కడచూపు తీసుకుంది, ఇప్పుడు నా పస్తు కూడా పంచుకుని కూర్చుంది, దొంగముఖంది.

ఆరాధన అయింది. జనం వెళ్ళిపోతున్నారు. అక్క లేవలేదు, నేనే పోయి ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నాను. జుట్టు బాగా నెరిసింది. దారిలో పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ముందు రాలేదు.

"ఎప్పట్నుంచి తినల్యా నువ్వు?" అన్నాను.

"నువ్వు మానుకున్న్యప్పట్నుంచే."

"నేను మానుకున్న్యానని నీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పల్యా. నువ్వు తినవని తెల్సు. అమ్మ బిడ్డవు గదా."

ఆ మాటకు నాకు ఇంకా కోపమొచ్చింది. "ఎందుకు మూత ఏపిస్తివక్కా? నాలుగ్గంటలకు అని నాకు చెప్తివి. నేను మూడుకే వస్తి. ఐసు గూడా కరగల్యా. ఎందుకు?"

అక్క చాప పుల్లలు గిల్లడం మొదలుపెట్టింది. నేను ఊరుకోలేదు. "చెప్పు" అన్నాను.

"నీకు భయపడి."

"నాకా?"

"నువ్వొస్తే అరుస్తావు. ఆస్పత్రికి ఎందుకు తీస్కపోల్యా అంటావు. నిన్ననే నాకెందుకు చెప్పల్యా అంటావు. అంతమంది ముందర నన్ను నిలబెట్టి అడుగుతావు. అమ్మ ఆడనే పండుకోనుంటాది, అంతా ఇంటాది అనిపిచ్చె."

"సచ్చిపొయినామె యట్ల ఇంటాది?"

"ఏమో మే. నాకట్ల అనిపిచ్చె. ఆయమ్మనన్నా నెమ్మదిగా పోనీ అనుకుంటి. పాస్టరయ్యను అడిగి మూత ఏపిస్తి."

నెమ్మది. మళ్ళీ అదే మాట. వీళ్ళందరి నెమ్మది కోసం, వీళ్ళ శాంతి కోసం, ఎప్పుడూ నేనే వాకిలి బయట ఉండాలి. అవును, అరిచేదాన్నే. పెట్టె మీద పడి వాడంతా వినేటట్టు అరిచేదాన్ని. అక్క పేరు కూడా ఎత్తి తిట్టేదాన్నేమో. అయితే? అది నా ఏడుపు. నాకు వేరే ఏడుపు రాదు. తోడబుట్టినదానికి ఆ మాత్రం తెలియదా? ఇదే అందామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరే.

"అమ్మ మొగం యట్లుండె?" అన్నాను.

అక్క నా వైపు పూర్తిగా తిరిగింది.

"కట్టుడు పండ్లు తీసేసింటిమి. మళ్ళా పెట్టనీకి కాల్యా. బుగ్గలు లోపలికి పొయ్యి చిన్నపిల్ల మాదిరి ఉండె. తెల్ల చీర కట్టిస్తి, నీలం అంచుది. తల దువ్వితే ఎంటికలు చేతికొచ్చినాయి, ఇంగ దువ్వల్యా, చేత్తోనే అణిచి పెడ్తి. చెంప మీద దిండు మడత పడినాది, అది పోనే ల్యా."

నేను విన్నాను. పుట్టి బుద్ధెరిగాక అడ్డు తగలకుండా ఒక మనిషి మాట వినడం అదే మొదటిసారేమో. నా బుర్రలో తగాదా లేదు, జవాబు లేదు. దిండు మడత ఒక్కటే ఉంది. ఏ చెంప అని అడిగాను. ఎడమది అంది. నేను నా ఎడమ చెంప పట్టుకుని కూర్చున్నాను.

"కండ్లు?" అన్నాను.

"ఒగటి మూతపడల్యా" అంది. "రెండు మూడు సార్లు అదిమితి. రవ్వంత తెర్చుకొనే ఉండె. వాకిలి దిక్కు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకోసరమేనని నాకు తెల్సు మే. తెల్సి గూడా ఏపిస్తి. అందుకే తినల్యా. నీ మీద కోపానికి కాదు."

నేను నోరు తెరిచాను. శబ్దం రాలేదు. చెయ్యెత్తి అక్క భుజం మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. అప్పుడూ నోరు పెగల్లేదు. మా అక్క నా మొహం చూసి బెదిరిపోయింది. నా అరుపుకు కూడా అంత బెదిరి ఉండదు.

"అరువ్ మే" అంది. నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. "గమ్మునుండొద్దు. నాకు భయమైతాంది. అరువ్, నీకు పున్నెముంటాది, అరువ్."

అరిచాను. అమ్మా అని అరిచాను. నాలుగేళ్ళ కిందట ఆ వాకిట్లో అరవాల్సిన అరుపు. బయట చెప్పులేసుకుంటున్న వాళ్ళు గాబరాగా లోపలికి పరిగెత్తుకొచ్చారు. సంఘ పెద్ద ఒకాయన, "ఏందమ్మా ఇది, దేవుని మందిరంలో" అంటూ ముందుకొచ్చాడు.

ఎవరి ముందూ గొంతెత్తని మా అక్క లేచి నాకు అడ్డం నిలబడింది.

"నా చెల్లెలు" అంది. "అరవనీండి. అమ్మను పిల్చుకుంటాంది."